స.హ. దరఖాస్తు నుంచి రిట్ దాకా: ప్రభుత్వ న్యాయవాదిగా ఏ కుర్చీ ఎంచుకోవాలి

సీనియరు ఛాంబరులో మూడు నాలుగేళ్లు పనిచేసి, ఇక ప్రభుత్వం తరఫున నిలబడదామా అని ఆలోచిస్తున్న యువ న్యాయవాదులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. వారికి సమాచార హక్కు (స.హ.) చట్టం మీద ఆసక్తి ఉంది, ప్రభుత్వ వ్యాజ్యాల మీదా ఆసక్తి ఉంది. ఈ రెండూ కలిసే పని ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలియడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ‘స.హ. న్యాయవాది’ అన్న పేరుతో విడిగా పోస్టు లేదు. ఆ పని కొన్ని కుర్చీల మధ్య పంచుకుని ఉంది: హైకోర్టులోని గవర్నమెంటు ప్లీడరు (జీపీ) కార్యాలయం, నగరపాలక సంస్థలకూ విశ్వవిద్యాలయాలకూ కార్పొరేషన్లకూ ఉండే స్టాండింగ్ కౌన్సిల్, ప్రభుత్వరంగ సంస్థల్లో జీతం మీద పనిచేసే లా ఆఫీసరు, సచివాలయంలోని న్యాయశాఖ, సమాచార కమిషన్ వైపు పని. మొదటి రెండు కుర్చీల్లో నేను స్వయంగా కూర్చున్నాను. మూడోదానిలో ఉన్నవారితో కలిసి చాలా కేసులు నడిపాను. వీటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్న వారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

## ముందు కొలతలు

చాలామంది మొదట అడిగేది గౌరవవేతనం ఎంత అని. అది అడగవలసిన ప్రశ్నే, కాని మొదటిది కాదు. నా అనుభవంలో ఈ పనిలో తృప్తినీ అసంతృప్తినీ నిర్ణయించేది ఒకటే: ఫైలు మీ చేతికి ఏ దశలో వస్తుంది?

దీనికి కారణం 2005 నాటి చట్టం నడిచే తీరులోనే ఉంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లోగా, పౌర సమాచార అధికారి (పీఐఓ) జవాబివ్వాలి; సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజుల్లో అక్కడికి పంపాలి; మూడో పక్షానికి సంబంధించినదైతే సెక్షన్ 11 కింద వారికి నోటీసిచ్చి అభ్యంతరం వినాలి. ఆ తరువాత మొదటి అప్పీలు, దాని నిర్ణయం అందిన 90 రోజుల్లోగా కమిషన్ ముందు రెండో అప్పీలు. సెక్షన్ 23 సివిల్ దావాలకు తలుపు మూసింది కనుక, కమిషన్ తీర్పు నచ్చనివారు 226వ అధికరణం కింద రిట్ పిటిషన్‌తో హైకోర్టుకు వస్తారు. ఈ దారి పొడవునా చర్చ జరిగేది మొదటి 30 రోజుల్లో పీఐఓ రాసిన జవాబు మీదే. ఒక ఉత్తర్వు సరైనదా కాదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే తేల్చాలి తప్ప, తరువాత అఫిడవిట్లలో చేర్చిన కొత్త కారణాలను బట్టి కాదని సుప్రీంకోర్టు 1977 డిసెంబరులో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. రెండు వాక్యాల తిరస్కరణను ఇరవై పేజీల కౌంటరుతో (రిట్‌కు ప్రభుత్వం ఇచ్చే జవాబు అఫిడవిట్‌తో) నిలబెట్టబోయే ప్రతి ప్రభుత్వ న్యాయవాదికీ ఆ తీర్పు అడ్డు నిలుస్తుంది.

నేను సహాయ గవర్నమెంటు ప్లీడరుగా (ఏజీపీ) ఉన్న తొలి ఏడాదిలో అలాంటి కేసు ఒకటి వచ్చింది. ఒక జిల్లా కార్యాలయం, లబ్ధిదారుల జాబితా అడిగిన దరఖాస్తుకు ‘8(1)(జె) ప్రకారం ఇవ్వలేము’ అని, అంటే వ్యక్తిగత సమాచారపు మినహాయింపు చూపి, ఒకే వాక్యం రాసి పంపింది. కమిషన్ ఇవ్వమంది, శాఖ రిట్ వేసింది. జాబితాలో బ్యాంకు ఖాతా నంబర్లు, ఆరోగ్య వివరాలు ఉన్నాయని, వాటిని కాపాడవలసిన మాట నిజమేనని నాకు ఫైలు చదివాక తెలిసింది. సెక్షన్ 10 కింద ఆ గడులు తీసేసి మిగతా జాబితా ఇచ్చి ఉంటే అసలు వివాదమే ఉండేది కాదు. కాని ఆ మాట తిరస్కరణ ఉత్తర్వులో లేదు, మొదటి అప్పీలు ఉత్తర్వులోనూ లేదు. న్యాయమూర్తి ‘ఈ కారణం ఎక్కడ రాశారు?’ అని అడిగినప్పుడు చూపడానికి నా దగ్గర కాగితం లేదు. ఆ రోజు ఓడిపోయిన దానికన్నా, ఆరు నెలల ముందు ఆ ఫైలు ఒక్కసారి నా బల్ల మీదికి వచ్చి ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఎక్కువగా మిగిలింది.

రెండో కొలత, ‘ఇది ఇవ్వక తప్పదు’ అని చెప్పగల స్థానం మీకు ఉంటుందా అన్నది. మూడోది సనదు: మీరు న్యాయవాదిగా కొనసాగుతారా, లేక ప్రాక్టీసు వదులుకోవలసి వస్తుందా. నాలుగోది ఆదాయం ఎంత నిలకడగా వస్తుందన్నది. ఐదోదాన్ని చాలామంది ఆలోచించరు: మీ కక్షిదారు ఎవరు? శాఖా, సంతకం చేసిన అధికారా? సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా పడేది శాఖ మీద కాదు, పీఐఓ సొంత జేబు మీద. పీఐఓ అడిగినా కాగితాలు ఇవ్వని మరో అధికారిని కూడా సెక్షన్ 5(5) పీఐఓగానే లెక్కిస్తుంది. జరిమానా విచారణలో ‘నేను అడిగాను, పైవారు ఇవ్వలేదు’ అని పీఐఓ చెప్పదలచినప్పుడు, శాఖ తరఫున నిలబడిన న్యాయవాది ఆ మాట ఎలా చెప్పగలడు? అటువంటి స్థితిలో పీఐఓకు వేరే న్యాయవాదిని పెట్టుకోమని ముందే రాతపూర్వకంగా చెప్పడం మన ధర్మం.

| కొలత | హైకోర్టు జీపీ, ఏజీపీ | స్టాండింగ్ కౌన్సిల్ | జీతపు లా ఆఫీసరు | సచివాలయ న్యాయశాఖ |
|---|---|---|---|---|
| ఫైలు వచ్చే దశ | రిట్ పడ్డాక | సంస్థను బట్టి. అడిగి రాబట్టుకోవచ్చు | దరఖాస్తు వచ్చిన వారంలోనే | శాఖ సలహా కోరినప్పుడు |
| ‘ఇవ్వాలి’ అని చెప్పే వీలు | తక్కువ, ఆలస్యంగా | మధ్యస్థం | ఎక్కువ, కాని పైఅధికారి ఒప్పుకోవాలి | కాగితం మీద ఎక్కువ |
| సనదు | ఉంటుంది | ఉంటుంది | ప్రాక్టీసు ఆపాలి | ప్రాక్టీసు ఆపాలి |
| ఆదాయం | నెలవారీ గౌరవవేతనం | కేసుకింత, బిల్లులు ఆలస్యం | జీతం, సెలవులు, పదవీ విరమణ సదుపాయాలు | జీతం |
| పదవి నిలకడ | ప్రభుత్వ ఇష్టం | పాలకవర్గం ఇష్టం | స్థిరం | స్థిరం |
| కోర్టులో వాదన | రోజూ | తరచుగా | దాదాపు లేదు | లేదు |

## హైకోర్టు గవర్నమెంటు ప్లీడరు కార్యాలయం

వాదన నేర్చుకోవాలనుకునేవారికి దీనికి సాటివచ్చే చోటు లేదు. హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టులోనైనా, 2019 జనవరి 1 నుంచి విడిగా పనిచేస్తున్న అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనైనా, అడ్వకేట్ జనరల్ కింద రెవెన్యూ, సర్వీసులు, పురపాలన, విద్య అంటూ విషయాల వారీగా జీపీలు, వారి కింద ఏజీపీలు ఉంటారు. ఒక ఏజీపీ ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం దాకా పదుల కేసుల్లో ‘ఇన్‌స్ట్రక్షన్స్ (శాఖ వివరణ) తెప్పించుకుంటాను’ అనో, కౌంటరు దాఖలు చేశామనో, ఈ విషయం ఫలానా తీర్పుతో ముగిసిందనో చెబుతూనే ఉంటాడు. ఏడాదిలో ఇక్కడ గడించే కోర్టు అనుభవం బయట ఐదేళ్లలో రాదు.

స.హ. కేసులు ఇక్కడికి నేరుగా విడి విభాగంగా రావు. రికార్డు ఏ శాఖదైతే ఆ శాఖ జీపీకే వస్తాయి. కమిషన్ ఇవ్వమన్న ఉత్తర్వును శాఖ సవాలు చేయడం, కమిషన్ కొట్టేసిన దరఖాస్తుదారు రిట్ వేయడం, రెండో అప్పీలు ఏళ్లుగా తేలలేదని గడువు కోరుతూ రావడం, జరిమానా పడిన అధికారి రావడం, ఎక్కువగా ఈ నాలుగు రకాలే ఉంటాయి. వీటన్నిటిలో ఏజీపీ మొదట చూడవలసిన అంశం ఒకటుంది: కమిషన్ ఉత్తర్వు సెక్షన్ 18 ఫిర్యాదు మీద వచ్చిందా, సెక్షన్ 19 అప్పీలు మీద వచ్చిందా? ఫిర్యాదు మీద జరిమానా వేయవచ్చు గాని, సమాచారం ఇవ్వమని ఆదేశించాలంటే అప్పీలు దారిలోనే రావాలని 2011 డిసెంబరులో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిట్‌లోని ఒక్కో పేరాకు శాఖలు రాసి పంపే రిమార్కుల్లో ఈ సంగతి కనిపించడం అరుదు. దాన్ని వెతికి పట్టుకోవలసింది మీరే.

ఈ కుర్చీ లోటు ఫైలు రావలసిన వేళకు రాకపోవడమే. సెక్షనులో తయారైన రిమార్కులు సూపరింటెండెంటు, సహాయ కార్యదర్శి చేతులు దాటి వాయిదా రోజు ఉదయానికి చేరితే అదృష్టమే. అప్పుడు మీరు చూసే రికార్డు శాఖ చూపదలచుకున్న రికార్డు. సమయానికి కౌంటరు పడకపోతే మధ్యంతర ఉత్తర్వు, దాన్ని అమలు చేయకపోతే కోర్టు ధిక్కరణ కేసు, అందులో అధికారి వ్యక్తిగత హాజరు. హాజరు విషయంలో కోర్టులు ఎలా వ్యవహరించాలో 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కార్యవిధానం నిర్దేశించి కొంత ఊరట ఇచ్చింది. అయినా జిల్లా నుంచి రాత్రి బయలుదేరి వచ్చిన అధికారికి ఉదయం పరిస్థితి వివరించవలసింది ఏజీపీయే.

పదవి నిలకడ గురించి నిజం చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2000 డిసెంబరులో జీవో 187 ద్వారా వచ్చిన లా ఆఫీసర్ల నియామక సూచనల ప్రకారం నియామకం మూడేళ్లకు. నెల రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ప్రభుత్వం మారితే జీపీ కార్యాలయమూ మారుతుందన్నది మన కోర్టుల్లో అందరికీ తెలిసిన సంగతే. పునర్నియామకం హక్కు కాదని సుప్రీంకోర్టు 2004లో జోహ్రీ మల్ కేసులోనే చెప్పింది. నియామకాల్లో ప్రతిభను నిష్పక్షపాతంగా తూచే పద్ధతి ఉండాలని 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో అదే కోర్టు గట్టిగా చెప్పినా, ఆ స్ఫూర్తి అన్నిచోట్లా ఆచరణలోకి రాలేదని నా అభిప్రాయం. ఇంటి అద్దె, పిల్లల చదువు మొత్తం ఈ గౌరవవేతనం మీదే ఆధారపడేవారు దీన్ని ఎంచుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి. ప్రభుత్వానికి వ్యతిరేకం కాని ప్రైవేటు కేసులు కొన్ని చేతిలో ఉంచుకోవడం అవసరం.

## స్టాండింగ్ కౌన్సిల్

నగరపాలక సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థ, విశ్వవిద్యాలయం, విద్యుత్ పంపిణీ సంస్థ వంటివి తమ కేసుల కోసం పెట్టుకునే న్యాయవాది ఇతడు. పైకి చూస్తే జీపీ పని లాగే ఉంటుంది, కాని స.హ. విషయంలో తేడా చాలా ఉంది. కక్షిదారు ఒక్కడే. కమిషనరుతోనో రిజిస్ట్రారుతోనో నేరుగా ఫోనులో మాట్లాడవచ్చు. రెండో అప్పీలు విచారణకు కమిషన్ ముందుకు సంస్థ తరఫున మిమ్మల్నే పంపుతారు, తరువాత అదే ఫైలు రిట్‌గా మారితే మీరే వాదిస్తారు. అంటే వివాదాన్ని దాదాపు మొదటి నుంచి చివరి దాకా చూసే అవకాశం ప్రాక్టీసు వదలకుండా దొరికేది ఇక్కడే.

అయితే ఆ అవకాశం దానంతటది రాదు. ఒక సంస్థకు నేను స్టాండింగ్ కౌన్సిల్‌గా ఉన్నప్పుడు మొదటి నెలలోనే ఒక లేఖ రాశాను: తిరస్కరించదలచిన ప్రతి స.హ. దరఖాస్తునూ జవాబు పంపే ముందు, 20వ రోజులోగా నాకు చూపండి, దానికి విడిగా ఫీజు అడగను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక పీఐఓ మీద జరిమానా నోటీసు వచ్చాక ఫైళ్లు రావడం మొదలైంది. వాటిలో సగానికి పైగా ‘ఇచ్చేయండి’ అని రాసినవే. భవన అనుమతుల ప్లాన్లు, టెండరు తులనాత్మక పట్టికలు, పని పూర్తయిన కొలతల పుస్తకాల నకళ్లు దాచవలసినవి కావు. దాస్తే అనుమానం పెరుగుతుంది, వ్యాజ్యం పెరుగుతుంది. నిజంగా కాపాడవలసినవి కొన్ని ఉంటాయి: దర్యాప్తు నడుస్తున్న ఫైలు, ఫిర్యాదుదారు పేరు, మూడో పక్షపు వ్యాపార రహస్యం. వాటికి మాత్రం కారణం పూర్తిగా రాయాలి. దర్యాప్తు సాగుతోందని అంటే చాలదు, ఆ సమాచారం బయటపడితే దర్యాప్తుకు ఎలా ఆటంకమో చూపాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పిన సూత్రాన్ని ప్రతి పీఐఓకూ నేను కాగితం మీద రాసి ఇచ్చాను.

లోటుపాట్లు డబ్బు దగ్గరే. ఫీజు కేసుకింత అని ఉంటుంది, బిల్లు ఆడిటు దాటి రావడానికి నెలలు పడుతుంది. పాలకవర్గం మారితే ప్యానెలూ మారవచ్చు. తెలంగాణలో ఇంకో చిక్కు తోడైంది. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లు లేక రాష్ట్ర కమిషన్ అప్పీళ్లు వినలేదు. 2025 మేలో నియామకాలు జరిగాక పాత అప్పీళ్లు కదిలాయి. జవాబిచ్చిన అధికారి బదిలీ అయ్యి, ఫైలు ఏ బీరువాలో ఉందో తెలియని స్థితిలో విచారణకు వెళ్లడం స్టాండింగ్ కౌన్సిల్‌కు కత్తిమీద సామే.

## జీతం మీద పనిచేసే లా ఆఫీసరు

ఎన్టీపీసీ, ఓఎన్‌జీసీ వంటి కేంద్ర సంస్థలు క్లాట్ పీజీ (న్యాయ పీజీ ప్రవేశ పరీక్ష) ర్యాంకు ఆధారంగా నియామకాలు జరిపాయి. ప్రభుత్వరంగ బ్యాంకులు బ్యాంకు నియామక పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ద్వారా లా ఆఫీసర్లను తీసుకుంటాయి. రాష్ట్ర సంస్థలు అప్పుడప్పుడు సొంత నోటిఫికేషన్లు ఇస్తాయి. పేరుకు న్యాయ విభాగమే అయినా, రోజువారీ పనిలో పెద్ద భాగం ఒప్పందాలు, వసూళ్లు, బయటి న్యాయవాదులకు ఫైళ్లు పంపడం. స.హ. పని మీకు అప్పగిస్తారా లేదా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. అప్పగిస్తే మాత్రం, మొదటి కొలత మీద ఈ కుర్చీకి మించింది లేదు.

ఎందుకంటే దరఖాస్తు ఇంకా తెరవని కవరులో ఉండగానే మీ దగ్గరికి వస్తుంది. అందులో అడిగినది రికార్డులో ఉన్న సమాచారమా, లేక ‘ఎందుకు ఇలా చేశారు’ అని సంజాయిషీ కోరడమా అన్నది మీరే విడదీస్తారు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఖానాపురం గండయ్య కేసులో, న్యాయాధికారి ఫలానా నిర్ణయానికి ఎందుకు వచ్చారో స.హ. కింద అడగలేరని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దాన్ని పట్టుకుని ‘ఎందుకు’ అన్న పదం కనిపించిన ప్రతి దరఖాస్తునూ తోసేయడం తప్పు. కారణం నోట్ ఫైల్‌లో రాసి ఉంటే అది రికార్డే, ఇవ్వాలి. అలాగే ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లో కోర్టు, ఉద్యోగులు తమ సమయంలో 75 శాతం సమాచారం సేకరించడానికే వెచ్చించే పరిస్థితి రాకూడదన్న మాటను ప్రభుత్వ కౌంటర్లలో పదే పదే చూస్తాం. అదే తీర్పు విద్యార్థులకు తమ జవాబు పత్రాలు చూసే హక్కు ఉందని తేల్చిందన్న సంగతి మాత్రం ఆ కౌంటర్లలో ఉండదు. తీర్పు మొత్తం చదివి సలహా ఇచ్చే వ్యక్తి కార్యాలయం లోపల ఒకరుండాలి. ఆ వ్యక్తి లా ఆఫీసరే కావాలి.

ఈ మధ్య ఆ అవసరం ఇంకా పెరిగింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని సెక్షన్ 44(3), స.హ. చట్టపు 8(1)(జె)ని మార్చింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం, లేదా అకారణంగా గోప్యతను భంగపరిచే సమాచారం అన్న షరతులు ఉండేవి. విశాల ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్నంతవరకే మిగిలింది. పేరున్న ప్రతి కాగితాన్నీ ఆపేసే ధోరణి వస్తుందని నా భయం. సెక్షన్ 8(2) ఇంకా అలాగే ఉంది, బయటపెట్టడం వల్ల కలిగే ప్రజా ప్రయోజనం నష్టం కన్నా ఎక్కువైతే ఇవ్వవచ్చు. అయితే ఆ అధికారాన్ని చట్టం పీఐఓ పేరు మీద గాక ‘ప్రభుత్వ అధికార సంస్థ’ పేరు మీద రాసింది. అంటే రెండు వైపులా తూచిన ఒక నోట్ సంస్థ అధిపతి ముందుకు వెళ్లాలి. దాన్ని రాసే అలవాటు ఇప్పుడు లా ఆఫీసర్లు చేసుకోకపోతే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఇక వదులుకోవలసినవి. పూర్తికాలపు జీతపు ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం 49 అంటుంది. విద్యుత్ బోర్డు లా ఆఫీసరు విషయంలో 2001లో సతీశ్ కుమార్ శర్మ కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది; కోర్టులో వాదించడమే ప్రధాన పనిగా ఉన్న ప్రాసిక్యూటర్ల సంగతి వేరని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో చెప్పింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో తీర్పు వచ్చాక ఈ తేడా మరింత బరువెక్కింది. న్యాయమూర్తి కావాలన్న కోరిక ఉన్నవారు మూడేళ్లు పూర్తిచేయకుండా ఇటు రాకండి. ఇంకొకటి: న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య మాటలకు ఉండే రక్షణ, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 132 కింద, సంస్థ లోపలి జీతపు న్యాయ సలహాదారుకు వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది, సెక్షన్ 134 కింద కొంత రక్షణ మాత్రమే మిగిలింది. స.హ. చట్టంలో ‘సమాచారం’ నిర్వచనం లోనే అభిప్రాయాలు, సలహాలు ఉన్నాయి. కనుక మీరు ఫైల్లో రాసే ప్రతి నోట్ ఎప్పుడో ఒకనాడు దరఖాస్తుదారు చేతిలో ఉండవచ్చన్న ఎరుకతో రాయాలి. అది మంచి క్రమశిక్షణ అనే నేను అనుకుంటాను.

## మిగతా రెండు, క్లుప్తంగా

సచివాలయ న్యాయశాఖలోకి గ్రూప్-2 ద్వారా ఏఎస్‌ఓగా (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు) వెళ్లవచ్చు. శాఖలు పంపిన ఫైళ్ల మీద సలహా, అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం, ముసాయిదాల పరిశీలన అక్కడి పని. రాత మీద ప్రేమ ఉండి, కోర్టు గొంతు అక్కర లేనివారికి బాగుంటుంది. స.హ. ఫైళ్లు మాత్రం చిక్కుపడ్డవే అక్కడి దాకా వెళతాయి.

సమాచార కమిషన్ తరఫున హైకోర్టులో హాజరయ్యే న్యాయవాది పని పరిమితం. కమిషన్ తీర్పు చెప్పిన సంస్థ కనుక, రికార్డు కోర్టు ముందు ఉంచడం వరకే పట్టుదల ఉండాలి. ఒక పక్షం తరఫున పోట్లాడినట్లు కనిపించకూడదు. కొత్తవారికి దీన్ని ఏకైక పనిగా నేను సూచించను. కాని మరో ప్రాక్టీసుతో పాటు దొరికితే, చట్టం మొత్తాన్ని తటస్థంగా చూసే చూపు అలవడుతుంది.

## ఎవరికి ఏది

ప్రాక్టీసులో ఐదేళ్లు దాటక ముందు, కుటుంబ భారం తక్కువగా ఉన్నవారికి జీపీ కార్యాలయమే నా సలహా. మూడేళ్ల తరువాత పదవి పోయినా, గొంతు, పరిచయాలు, విషయజ్ఞానం మిగులుతాయి. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే, లేదా తల్లిదండ్రుల వైద్య ఖర్చులు మీ మీద ఉంటే, సంకోచించకుండా జీతపు ఉద్యోగం తీసుకోండి. అందులో చేరి స.హ. బాధ్యత అడిగి తీసుకోండి, సాధారణంగా పోటీ ఉండదు. చిన్న పిల్లలున్న మహిళా న్యాయవాదులు నాతో అన్న మాట ఒకటి చెప్పాలి: జీపీ కార్యాలయంలో పనిగంటల కన్నా, రాత్రి తొమ్మిదికి వచ్చే ‘రేపటి కేసుకు ఇన్‌స్ట్రక్షన్స్’ ఫోన్లే ఎక్కువ ఇబ్బంది. స్టాండింగ్ కౌన్సిల్ పనిలో ఆ ఒత్తిడి కొంత తక్కువ.

జిల్లా కేంద్రంలో ఉంటూ హైదరాబాదుకో అమరావతికో మారలేనివారికి స్థానిక మునిసిపాలిటీ స్టాండింగ్ కౌన్సిల్ పని నిజమైన మంచి దారి. స.హ. దరఖాస్తుల అసలు స్వరూపం అక్కడే తెలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లోనే గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేకుండా, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలుగా నిర్ణయించారు. అంటే పింఛను ఆగిన వృద్ధురాలు కూడా అడగగలదు, అడుగుతుంది. ఆ దరఖాస్తుకు సరైన జవాబు రాయించడం, నా దృష్టిలో, హైకోర్టులో ఒక రిట్ గెలవడం కన్నా తక్కువ పని కాదు.

ఒకవేళ మీరు ఇప్పటిదాకా దరఖాస్తుదారుల తరఫున వాదిస్తూ వచ్చి, ప్రభుత్వం వైపు వెళితే మనస్సాక్షికి ఇబ్బంది అవుతుందా అని సందేహిస్తుంటే, మొదటి కొలతను మళ్లీ చూడండి. ఫైలు చివర్లో వచ్చే కుర్చీలో మీకు నచ్చని తిరస్కరణలను సమర్థించవలసి రావచ్చు. ఫైలు మొదట్లోనే వచ్చే కుర్చీలో మీరు బయట ఉండి సాధించలేనంత సమాచారం బయటికి పంపగలరు. అటువంటి వారిని నేను లా ఆఫీసరు, స్టాండింగ్ కౌన్సిల్ వైపే పంపుతాను.

ఏ కుర్చీకైనా ఒప్పుకునే ముందు ఆ కార్యాలయానికి వెళ్లి మూడు కాగితాలు చూపమని అడగండి. ఒకటి, గత ఏడాది స.హ. రిజిస్టరు, అందులో తిరస్కరణలు ఎన్ని, వాటికి రాసిన కారణం ఒక వాక్యమా, ఒక పేజీయా చూడండి. రెండు, పెండింగులో ఉన్న ధిక్కరణ కేసుల జాబితా. మూడు, సెక్షన్ 4(1)(బి) కింద ప్రకటించవలసిన 17 అంశాల పుస్తకం, దాని మీద చివరిసారి సవరించిన తేదీ. ఆ తేదీ పదేళ్ల నాటిదైతే, చేరిన మొదటి నెలలో మీ పని ఏమిటో మీకు అక్కడే తెలిసిపోతుంది.